ఆర్‌బీఐ రాష్ట్రాల గణాంకాల హ్యాండ్‌బుక్: ప్రాంతాల తేడాలు తేల్చడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఏ రాష్ట్రం ముందుంది, ఏది వెనకబడింది అన్న వాదన వస్తే చాలామంది తెరిచేది రిజర్వ్ బ్యాంక్ ఏటా వేసే ఈ హ్యాండ్‌బుక్‌నే. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పీడీఎఫ్ జోలికి పోకుండా ఎక్సెల్ ఫైళ్లే దించుకోండి. కరెంటు, రోడ్లు, పంటలు, డిపాజిట్లు అన్నీ ఒక్కచోట ఉండటమే దీని బలం. అంకెలు చాలావరకు వేరే శాఖల నుంచి తెచ్చి కూర్చినవే.

తలసరి ఎన్‌ఎస్‌డీపీ (రాష్ట్ర నికర ఉత్పత్తి, అంటే యంత్రాలు, భవనాల అరుగుదల తీసేశాక మిగిలే విలువ) పట్టికలు రెండు. ఒకే ఏడాదిలో రాష్ట్రాలను పోల్చాలంటే ప్రస్తుత ధరలది, ఏళ్ల మీద పెరుగుదల చూడాలంటే స్థిర ధరలది (ఒక ఆధార సంవత్సరపు ధరల్లోనే అన్ని ఏళ్లనూ లెక్కకట్టింది) తీసుకోవాలి. 2004-05 ఆధార సంవత్సరం అంకెల పక్కనే 2011-12వి అతికిస్తే లేని గెంతు కనిపిస్తుంది. రెండింట్లోనూ ఉన్న ఏడాదికి నిష్పత్తి కట్టి, దాంతో పాతవాటిని గుణించాలి. ఆంధ్రప్రదేశ్ అని ఉన్నది ఉమ్మడి రాష్ట్రమా, విడిపోయినదా అన్నది ఫుట్‌నోట్‌లో చూసుకోవాలి. జీఎస్‌డీపీ (అరుగుదల తీసేయని రాష్ట్ర స్థూల ఉత్పత్తి) లక్షల రూపాయల్లో ఇస్తారు కాబట్టి లక్ష కోట్లంటే పట్టికలో 1,00,00,000. సున్నాల దగ్గర బోల్తా పడేది ఇక్కడే.

2011-12లో గోవా తలసరి రూ.2,59,444, బీహార్‌ది రూ.21,750. దాదాపు 12 రెట్లు! హెడ్డింగుకు బాగానే ఉంటుంది కానీ, 2011 జనాభా లెక్కల్లో గోవా 15 లక్షల లోపు, బీహార్ 10 కోట్ల పైన. అదే ఏడాది తెలంగాణది రూ.91,121, అంటే బీహార్‌కు నాలుగు రెట్ల పైచిలుకు. చిన్న రాష్ట్రాలు లెక్కను లాగేయకుండా ఉండాలంటే ప్రాంతాల మధ్య అసమానతను కొలిచే విలియమ్సన్ సూచీ కట్టాలి: ప్రతి రాష్ట్రం తలసరి నుంచి సగటు తీసేసి, వర్గం చేసి, జనాభా వాటాతో గుణించి, అన్నీ కూడి, వర్గమూలం తీసి, సగటుతో భాగించాలి. ఆ సగటు కూడా జనాభా వాటాలతో కట్టిందే అయ్యుండాలి. చాలామంది ఎక్సెల్‌లో మామూలు సగటు వాడేస్తారు, దాంతో లెక్కంతా చెడుతుంది.

రాష్ట్రాల మధ్య పోలికకు దీనికి 5కి 4 ఇవ్వొచ్చు. రాష్ట్రం లోపలి తేడాలకు 1 ఇవ్వడం కూడా ఎక్కువే. 2011 లెక్కల్లోనే సుమారు 20 కోట్ల మంది ఉన్న ఉత్తరప్రదేశ్ ఇందులో ఒకే ఒక్క వరుస. ఐరోపా గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్కల కోసం దేశాలను విడగొట్టి వాడే నట్స్-2 ప్రాంతాలకు జనాభా ప్రమాణం 8 నుంచి 30 లక్షలు, అంటే మన జిల్లాంత. తలసరి జీడీపీ ఈయూ సగటులో 75 శాతం లోపుంటే ఆ ప్రాంతం వెనకబడినదిగా లెక్క, సహాయ నిధుల్లో పెద్దపీట దానికే. అంకె తేడా పడితే డబ్బే పోతుంది కాబట్టి లెక్క అంత సూక్ష్మంగా కడతారు.

తెలంగాణ జిల్లాల కోసం బడ్జెట్ వేళ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చే నివేదిక సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ చూడాల్సిందే. అందులో తలసరిలో రంగారెడ్డిది అగ్రస్థానం, వికారాబాద్ అట్టడుగు వరుసల్లో ఉంటుంది. 2016 అక్టోబరు దాకా రెండూ ఒకే జిల్లా!

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ లెక్క ఉత్పత్తి జరిగిన చోటుది, మనిషి ఉండే చోటుది కాదు. గచ్చిబౌలి ఆఫీసులో పనిచేసేవాళ్లు ఎక్కడ కాపురమున్నా ఆ విలువ రంగారెడ్డి ఖాతాలోనే పడుతుంది. గల్ఫ్ నుంచి జగిత్యాలకు వచ్చే డబ్బు ఎక్కడా కనిపించదు. యూరోస్టాట్ అయితే కుటుంబాల ఖర్చుకు మిగిలే ఆదాయాన్ని వేరే పట్టికలో ఇస్తుంది. పైగా మన జిల్లా అంకెల్లో కొన్ని రంగాలవి నేరుగా సేకరించినవి కావు, రాష్ట్ర మొత్తాన్ని ఏదో ఒక సూచిక ప్రకారం జిల్లాలకు పంచినవి. రెండు జిల్లాల మధ్య రెండు మూడు వేల తేడా చూసి ర్యాంకులు రాయడం దండగ.