తలంబ్రాలను దుమ్మనుకున్న స్కానర్

ఫిల్మ్ కూడా స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి ఆరేళ్లుగా మా ఇంట్లో ఉంది. దాని ధరెంత, ఎన్ని డీపీఐ (అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుంది), ఏ కేబుల్ ఇస్తారు లాంటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒకే ఒక్క టిక్ గురించి. దుమ్మూ గీతలూ తీసేసే ఆ టిక్ పేరు డిజిటల్ ఐస్. ఈ స్కానర్ కొన్నది దాని కోసమే. ఇవాళ్టికీ కలర్ నెగటివ్ పెడితే ముందు చూసుకునేది అది ఆన్‌లో ఉందా లేదా అనే.

మాది విజయవాడ. నాన్నకి ఫొటోల పిచ్చి. 1986 నుంచి 2003 దాకా ఆయన తీసిన కలర్ నెగటివ్‌లు స్టూడియోవాళ్లు ఇచ్చిన బటర్ పేపర్ కవర్లలోనే ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. ఇక్కడి ఉక్కపోతకి ఆ కవర్లు చెమ్మ పట్టి మెత్తబడ్డాయి. నేను మొదట స్కాన్ చేసింది 1992 కృష్ణా పుష్కరాల ఫొటో. దుర్గా ఘాట్‌లో నానమ్మ నడుం లోతు నీళ్లలో నిలబడి, దోసిలితో నీళ్లు వదులుతూ ఉంటుంది. టిక్ లేకుండా స్కాన్ చేస్తే ఆవిడ మొహం మీద వాన పడుతున్నట్టు నిలువు గీతలు, బుగ్గ మీద ఓ వెంట్రుక, ఆకాశం నిండా చుక్కలు. టిక్ పెట్టి మళ్లీ చేశాను. గీతల్లేవు, వెంట్రుక లేదు. నానమ్మ వేళ్ల సందుల్లోంచి జారే నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. గీతనీ నీటి ధారనీ యంత్రం ఎలా విడదీసిందో అర్థంకాక, ఆ రెండు ఫొటోలనీ మార్చి మార్చి చూస్తూ ఆ రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను.

అదెలాగో తర్వాత తెలుసుకున్నాను. స్కానర్ ఫిల్మ్‌ని రెండుసార్లు చూస్తుంది. ఒకసారి మామూలు వెలుతురుతో, ఇంకోసారి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌తో. కలర్ ఫిల్మ్ కడిగేటప్పుడు అందులోని వెండి అంతా పోయి, బొమ్మ రంగులతోనే మిగులుతుంది. ఆ రంగుల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు అడ్డం లేకుండా వెళ్లిపోతుంది. దుమ్ము దగ్గరా గీత దగ్గరా ఆగిపోతుంది. అలా ఆగిన చోటునల్లా దుమ్ము కింద లెక్కేసి, చుట్టుపక్కల ఉన్న రంగుతో పూడ్చేస్తుంది. నానమ్మ చేతిలో నీళ్లు రంగుతో గీసిన బొమ్మ కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఆ ఉత్సాహంలో చుట్టాలందరికీ చెప్పాను, పాత నెగటివ్‌లు ఉంటే పంపండి, టిక్ పెడితే చాలు, కొత్తవాటిలా వస్తాయి అని. ఆ మాట ఇప్పుడు అలా చెప్పను. టిక్ లేకుండా నిమిషంన్నరలో అయ్యే ఫ్రేమ్ టిక్ పెడితే దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది. ఒక రోల్‌కి ఒక సాయంత్రం పోతుంది. బూజు పల్చగా ఉంటే బాగానే పోతుంది కానీ, ఫిల్మ్ పైపూతని తినేసినంత బూజైతే ఆ చోట ప్లాస్టిక్ పూసినట్టు నున్నటి మచ్చ మిగులుతుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది అత్తయ్య పెళ్లి ఫొటోలతో జరిగింది.

అత్తయ్య నాన్నకి చెల్లెలు. పెళ్లి 1974లో, తెనాలిలో మా తాతగారింట్లో, రాత్రి ముహూర్తం. కాపురం రేపల్లె దగ్గర పల్లెటూళ్లో. 1977 నవంబరు తుపానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి పెళ్లి ఆల్బమ్ ముద్దయిపోయింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. నెగటివ్‌లు మాత్రం బిస్కెట్ల డబ్బాలో తెనాలి ఇంటి అటక మీద ఉండిపోయాయి. మావయ్య పోయాక అత్తయ్య ఆ ఇంటికే వచ్చేసింది. నా మాట విని డబ్బా దింపించి నా చేతికిచ్చింది. చదరపు నెగటివ్‌లు, రెండు రోల్స్, మొత్తం 24. నలుపు-తెలుపు. నలభై అయిదేళ్లుగా ఆ ఫొటోలని ఎవరూ చూడలేదు.

అంతకుముందు మూడు నెలలుగా రోజూ కలర్ నెగటివ్‌లే స్కాన్ చేస్తున్నాను. టిక్ అలాగే ఉంది. తీయాలన్న ఆలోచనే రాలేదు. చిన్న సైజులో చూస్తే ఫొటోలన్నీ శుభ్రంగా ఉన్నాయి. డబ్బా పట్టుకుని తెనాలి వెళ్లి, పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి అత్తయ్యకి చూపించాను. కన్యాదానం, జీలకర్ర-బెల్లం చూసి మురిసిపోయింది. తలంబ్రాల ఫొటో రాగానే కళ్లజోడు సర్దుకుని టీవీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏమే, తలంబ్రాలేవీ?"

చూశాను. అత్తయ్య రెండు చేతులూ మావయ్య తల మీదికి ఎత్తి ఉన్నాయి. మావయ్య నవ్వుతూ కళ్లు చికిలించి తల వంచాడు. పక్కన పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. చేతులకీ తలకీ మధ్య మాత్రం ఏమీ లేదు, ఉత్త చీకటి. "పాత ఫొటో కదా అత్తయ్యా, కనపడట్లేదేమో" అనేశాను. ఆవిడ ఇంకేం అనలేదు. "నా ముక్కుపుడక కూడా కనపడట్లేదే" అని మాత్రం అంది, చాలాసేపయ్యాక.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫొటోని పెద్దది చేసి చూస్తే కడుపులో దేవినట్టయింది. ముక్కుపుడక ఉండాల్సిన చోట నున్నటి చర్మం. జడలో మల్లెపూలు తడిసిన దూది ముద్దలా ఉన్నాయి. మధుపర్కాల మడతలు ఇస్త్రీ చేసినట్టు చదునైపోయాయి. కంటి పాపలో మెరుపు లేదు. తెల్లగా మెరవాల్సిన ప్రతిదీ పోయింది.

కారణం చెప్పడం తేలికే. నలుపు-తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ గీసేది రంగులు కాదు, వెండే. కడిగాక కూడా ఆ వెండి ఫిల్మ్‌లో ఉంటుంది. వెండి దగ్గర ఇన్‌ఫ్రారెడ్ ఆగిపోతుంది. నెగటివ్‌లో తెలుపంతా నలుపుగా ఉంటుంది కదా, అంటే ఫొటోలో తెల్లగా మెరిసే చోటే ఫిల్మ్ మీద వెండి దట్టంగా ఉంటుంది. రాత్రి పెళ్లి, వెనకంతా చీకటి, ఫ్లాష్ పడి గాల్లో మెరిసిన ఒక్కో తలంబ్రం గింజ నెగటివ్ మీద ఒక్కో చిన్న నల్ల చుక్క. యంత్రానికి అది అచ్చం దుమ్ము. ఒక్కటి కూడా వదలకుండా ఏరేసి, ఆ చోటుని చీకటితో పూడ్చేసింది.

దీన్ని నేను కళ్లారా చూశాను కూడా. వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌ఫ్రారెడ్ చిత్రాన్ని విడిగా దాచుకోవచ్చు. నానమ్మ పుష్కరాల నెగటివ్‌కి ఆ చిత్రం తీసి చూస్తే నానమ్మ లేదు, నది లేదు. బూడిద రంగు కాగితం మీద గీతలు, చుక్కలు, ఆ ఒక్క వెంట్రుక, అంతే. ఆ తర్వాత తెనాలి డబ్బాలోని ఒక నెగటివ్ పెట్టాను. పెళ్లంతా కనిపించింది. పందిరి, పీటలు, పురోహితుడు, అందరూ ఉన్నారు. అంటే యంత్రం లెక్కలో ఆ పెళ్లి మొత్తం దుమ్మే. నలుపు-తెలుపు ఫిల్మ్‌కి ఈ టిక్ వాడొద్దని స్కానర్‌తో వచ్చిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది. నేను చదవలేదు. ఇంత ముఖ్యమైన హెచ్చరిక తెర మీద కనపడాలని నా అభిప్రాయం. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఇలాగే స్కాన్ చేసి, పనైపోయిందనుకుని నెగటివ్‌లు పారేసి ఉంటారో అనుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మర్నాడు పొద్దున్నే తెనాలి వెళ్లి డబ్బా వెనక్కి తెచ్చుకున్నాను. ఈసారి టిక్ తీసేసి, 2400 డీపీఐలో 24 ఫ్రేములూ మళ్లీ స్కాన్ చేశాను. ఒక్కో వైపు 5 వేలకు పైగా పిక్సెళ్లు వచ్చాయి. తలంబ్రాలు వచ్చేశాయి. వాటితోపాటు దుమ్మూ వచ్చింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. నెగటివ్ మీద దుమ్ము కూడా వెలుతురుని ఆపుతుంది, కాబట్టి ఫొటోలో అదీ తెల్ల చుక్కే. చీకట్లో తెల్ల చుక్కలు కొన్ని వందలున్నాయి. ఏది బియ్యం, ఏది దుమ్ము?

చివరికి నాకు పని చేసిన పద్ధతి ఇది. ఒకసారి స్కాన్ చేశాక ఫిల్మ్ బయటికి తీసి, రబ్బరు బ్లోయర్‌తో రెండు వైపులా గాలి కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, మళ్లీ స్కాన్ చేయాలి. రెండు స్కాన్‌లనీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి మార్చి మార్చి చూడాలి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనిది దుమ్ము. రెండింట్లోనూ ఉన్నది బియ్యపు గింజో, ఫిల్మ్‌కి అతుక్కుపోయిన మురికో. వాటిని భూతద్దం కింద పెట్టి, టేబుల్ లైట్ వాలుగా పడేలా ఫిల్మ్‌ని వంచితే అతుక్కున్న మురికి పైకి లేచి కనపడుతుంది, బియ్యపు గింజ ఫిల్మ్ లోపలే ఉంటుంది. ఇంకో గుర్తు, దుమ్ము అంచు బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. గింజ అంచు కెమెరా లెన్స్ ఎంత స్పష్టంగా చూసిందో అంతే, కాస్త మెత్తగా.

ఆ ఒక్క ఫొటోకి రెండు సాయంత్రాలు పట్టింది. గాల్లో ఉన్న గింజలు నా లెక్కకి 71. మావయ్య కుడి కనుబొమ్మ మీద ఒక చుక్క మాత్రం ఎటూ తేలలేదు. మూడోసారి కూడా స్కాన్ చేశాను, కదల్లేదు. ఉంచేశాను. పెద్ద సైజులో ప్రింట్ వేయించి తీసుకెళ్తే అత్తయ్య వేలు నేరుగా అక్కడికే వెళ్లింది. "ఇది కంట్లో పడి ఎంత తిప్పలు పెట్టిందో" అంది.

ఇక స్లైడ్ల సంగతి, అంటే నెగటివ్‌లా తిరగబడకుండా బొమ్మ అసలు రంగుల్లోనే ఉండే ఫిల్మ్. నాన్న తీసిన మామూలు స్లైడ్లకి టిక్ బాగానే పని చేసింది. అమెరికాలో ఉన్న బాబాయి ఇచ్చిన కోడాక్రోమ్ స్లైడ్లకి మాత్రం నమ్మలేను. ఆ ఫిల్మ్‌లో ముదురు రంగు ఉన్న చోట ఇన్‌ఫ్రారెడ్ కొంత ఆగిపోతుంది. చెట్టు కొమ్మల్లాంటి సన్నటి నల్ల గీతల చుట్టూ అలికినట్టయింది. 2009లోనే ఆపేసిన ఫిల్మ్ అది, కడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. అందుకే దానికి రెండు రకాలుగానూ స్కాన్ చేసి రెండూ దాచుకుంటాను. ఫిల్మ్ పట్టే ప్లాస్టిక్ ఫ్రేము గురించి ఎక్కువ చెప్పను, నాసిగా ఉంది. చుట్టుకుపోయిన ఫిల్మ్ అందులో చదునుగా ఉండదు. గాజుకి తగిలిన చోట రంగురంగుల వలయాలు పడతాయి. వారం రోజులు బరువైన పుస్తకాల కింద పెట్టాకే స్కాన్ చేస్తాను. పెట్టె మీద రాసిన డీపీఐ అంకెని కూడా నమ్మక్కర్లేదు. 35 ఎంఎం ఫ్రేముకి 2400 పెడితే సుమారు 3400 × 2270 పిక్సెళ్లు వస్తాయి. అంతకన్నా పెంచితే ఫైలు పెరిగింది గానీ, నా కంటికి కొత్త వివరం ఏమీ కనపడలేదు.

మా తమ్ముడు స్కానర్ కొనలేదు. వాడి దగ్గర మంచి కెమెరా, చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్ ఉన్నాయి. కింద ఎల్‌ఈడీ పలక పెట్టి నెగటివ్‌ని నేరుగా ఫొటో తీసేస్తాడు. నాకు వారం పట్టేది వాడికి ఒక సాయంత్రం. నలుపు-తెలుపుకి అదే మేలని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎలాగూ ఇన్‌ఫ్రారెడ్ పనికిరాదు, దుమ్ము చేత్తోనే తీయాలి, అలాంటప్పుడు నిమిషాల తరబడి స్కానర్ ముందు కూర్చోవడం దేనికి? కలర్ నెగటివ్ దగ్గరికి వచ్చేసరికి వాడే నా దగ్గరికి వస్తాడు. కలర్ నెగటివ్ అంతటా ఉండే నారింజ రంగు పొరని తీసేసి చర్మం రంగు సరిగ్గా తెప్పించడానికి వాడు కుస్తీ పడుతుంటే, గీతలు తీయడం ఇంకో పని.

కొనమంటారా అని అడిగితే నేను ఒక్క మాటలో చెప్పలేను. నా దగ్గర రెండు వేలకు దగ్గరగా ఫ్రేములున్నాయి, ముప్పావు వంతు కలరే, ఇంట్లో వేరే కెమెరా లేదు, సాయంత్రాలు ఖాళీ. నాకు కుదిరింది. మీరు ముందు ట్రంకు పెట్టె తెరిచి, ఒక్కో నెగటివ్‌ని కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. అంచులు నారింజ రంగులో ఉంటే ఈ స్కానర్ మీకు పనికొస్తుంది. అంచులు బూడిద రంగులోనో, రంగు లేకుండానో ఉన్నవి ఎక్కువైతే దీని కోసం డబ్బు పెట్టకండి, కెమెరా ఉన్నవాళ్లని పట్టుకోండి. ఏ పద్ధతైనా సరే, స్కాన్ అయ్యాక నెగటివ్‌లు మాత్రం పారేయొద్దు. అత్తయ్య డబ్బా సిలికా జెల్ పొట్లాలు వేసి నా బీరువాలో పెట్టాను. ఇంకా ఏడు ఫ్రేముల్లో దుమ్ము తీయాలి.