జలుబు చేస్తే మాక్ టెస్ట్ వాయిదా వేసే స్టడీ హాల్: అశోక్‌నగర్‌లో నా అనుభవం

అశోక్‌నగర్‌లో స్టడీ హాల్ వెతుక్కునేవారు సాధారణంగా కుర్చీ, ఏసీ, వైఫై, లాకర్ చూసుకుని డబ్బు కడతారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఈ హాల్‌లో అవన్నీ ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. నెల ఫీజు చుట్టుపక్కల హాళ్ల కంటే కొంచెం ఎక్కువే. అయినా గ్రూప్-2కు చదువుకోవడానికి నేను ఇక్కడే కొనసాగుతున్నానంటే, జలుబు చేసిన అభ్యర్థి పట్ల ఇక్కడి నిర్వాహకులు చూపే శ్రద్ధే దానికి ముఖ్యకారణం.

ఆదివారాల్లో ఇక్కడ 150 ప్రశ్నలకు రెండున్నర గంటల మాక్ టెస్ట్ పెట్టి, ర్యాంకుల పట్టికను గోడకు అంటిస్తారు. జలుబుగా ఉందని ముందే చెప్పినవారికి అదే పేపరును తగ్గాక విడిగా రాసే అవకాశం ఇచ్చి, ఆ మార్కులనే పట్టికలో చేరుస్తారు. జ్వరానికి ఇలాంటి వెసులుబాటు ఇచ్చేవారిని చాలామందిని చూశాను కానీ, జలుబుకు ఇచ్చేవారు ఈ పరిసరాల్లో నాకు మరొకరు కనిపించలేదు.

దాని విలువ గత వర్షాకాలంలో నాకు కళ్లారా తెలిసింది. నా పక్క సీటులో చదువుకునే అమ్మాయి ఎవరికీ చెప్పకుండా ముక్కుదిబ్బడతోనే పరీక్షకు కూర్చుని, ఓఎంఆర్ పత్రంలో 61వ ప్రశ్న జవాబును 62వ వరుసలో దిద్దింది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి జవాబూ ఒక గడి కిందికి జారిపోయింది. ప్రశ్నపత్రం మీద ఆమె పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు మాత్రం చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. గోడ మీద ర్యాంకు చూసుకుని, "ఈ చదువు నాతోని కాదక్కా" అంటూ పుస్తకాలు సర్దుకోబోయింది. ఇన్‌ఛార్జి సార్ ఆ రెండు కాగితాలనూ ఆమె ముందు పక్కపక్కన పెట్టి, "చదివింది యాడికీ పోలేదమ్మా, సర్ది తగ్గినంక మళ్ల రాయి" అన్నారు. ఆ మాటలో ఓదార్పు ఎంత ఉందో నిజమూ అంతే ఉంది.

బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ స్మిత్ ఎన్నో ఏళ్లపాటు ఈ విషయం మీదే పరిశోధన చేశారు. 2012లో వెలువడిన ఆయన అధ్యయనంలో 18 నుంచి 30 ఏళ్లలోపు యువతీయువకులకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకసారి పరీక్షలు పెట్టి, జలుబు చేసినప్పుడు వారికి మళ్లీ అవే పరీక్షలు పెట్టారు. జలుబు చేయనివారిని పోల్చి చూడడానికి తిరిగి పిలిచారు. జలుబు చేసినవారిలో చురుకుదనం తగ్గింది, మనసు దిగులుగా మారింది, చూసిన వెంటనే చేయి కదలడం ఆలస్యమైంది, కొత్త సమాచారాన్ని గ్రహించే వేగం, వాక్యంలోని తర్కాన్ని తేల్చే వేగం కూడా మందగించాయి. మా హాల్‌లో కూర్చునేవారిలో చాలామందిది ఆ వయసే, ఒక్కో ప్రశ్నకు మాకు దక్కేది ఒక్క నిమిషమే కనుక, ఆ మందగింపు నేరుగా మార్కులకే తగులుతుంది. దిగులు విషయానికి వస్తే, వైరస్‌తో పోరాడే క్రమంలో మన రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే సైటోకైన్లు మెదడు మీద కూడా పనిచేసి నీరసాన్ని, మగతను, నిరాసక్తతను కలిగిస్తాయి. ముక్కు కారుతున్న రోజుల్లో "నాతో కాదు" అనిపించడానికి ఒంట్లో ఇంత కారణం ఉందని ఆ అమ్మాయికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

జలుబు చేసినవారికి కిటికీ పక్కన విడిగా ఒక వరుస, అక్కడే వేడినీళ్ల ఫ్లాస్కు ఉంచుతారు. కింద టీ కొట్టులో అల్లం చాయ్ దొరుకుతుంది. కెఫీన్ ఉన్న కాఫీ తాగితే జలుబు వల్ల తగ్గిన చురుకుదనం చాలావరకు తిరిగి వస్తుందని 1990లలో స్మిత్ బృందమే గమనించింది కనుక, పగటిపూట ఒక కప్పు చాయ్‌కి నేను అడ్డు చెప్పను.

అయితే ఇక్కడి ప్రథమ చికిత్స పెట్టె నాకు నచ్చలేదు. అందులో జలుబుకని ఉంచిన మాత్రల అట్ట వెనుక క్లోర్‌ఫెనిరమైన్ అని స్పష్టంగా రాసి ఉంది. పాతతరం యాంటీహిస్టమిన్ అయిన ఈ మందు మెదడులోకి చేరి నిద్రమత్తు తెస్తుంది. అసలే మందగించిన బుర్రకు అది మరో బరువు. వేసుకున్నవారు బండి నడుపుకుంటూ రామంతాపూర్ దాకా వెళ్లడం మరీ ప్రమాదకరం. అడిగిన ప్రతివారికీ మాత్ర చేతిలో పెట్టకుండా, డాక్టరును అడిగి తెచ్చుకోమని చెప్పడం మంచిది.

24 గంటలూ తెరిచి ఉంటుందని బోర్డు మీద గొప్పగా రాసుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2015లో అమెరికాలో వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసినప్పుడు, ఏడు గంటలకు మించి నిద్రపోయినవారి కంటే ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారికి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని తేలింది. పరీక్షకు ముందు వారమంతా ఇక్కడే తెల్లవార్లూ కూర్చునే తమ్ముళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. రాత్రిళ్లు ఏసీ కోసం కిటికీలన్నీ మూసేయడం వల్ల ఒకరి తుమ్ము గదంతటికీ చేరుతోంది. గంటకోసారైనా తెరవమని రిజిస్టరులో రాశాను, ఇంకా అమలు కాలేదు.

కొత్తగా చేరేవారు మాక్ టెస్ట్ వాయిదా నియమాన్ని ఫీజు కట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి, బోర్డు మీద అది రాసి లేదు. ఐదుకు నాలుగు ఇస్తున్నాను.