కార్డులో ఫొటోలు చెరిగిపోతే: ఫొటోరెక్ చాలా, ల్యాబ్‌కు వెళ్లాలా?

ముందు కార్డును కెమెరాలోంచి తీసేయండి. డిలీట్ నొక్కితే సాధారణంగా చెరిగేది జాబితాలోని పేరే. మీద కొత్త ఫొటో పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. దాన్ని వెతికి తీసే కంప్యూటర్ ప్రోగ్రామే ఫొటోరెక్. ల్యాబ్ అంటే ఆ పని చేసిపెట్టే డేటా రికవరీ ల్యాబ్.

ఖర్చు: ఫొటోరెక్ ఉచితం. ల్యాబ్‌కు వేలల్లో కావచ్చు.

శ్రమ: ఫొటోరెక్‌లో నల్లటి తెర, బాణం మీటలతో పని. పాత పేర్లు రావు. తలంబ్రాల ఫొటో ఏదో అంకెల పేరుతో తేలుతుంది. చెల్లెలి పెళ్లివి ఏరుకోవడానికి నాకు ఆదివారమంతా పట్టింది. ల్యాబ్‌లో అయితే ఎదురుచూపే.

ప్రమాదం: దొరికినవాటిని అదే కార్డులో దాచారో, మిగిలినవీ పోతాయి. ల్యాబ్‌లో మన ఫొటోలు పరాయివాళ్ల కంటపడతాయి.

పొరపాటున చెరిపినా, క్విక్ ఫార్మాట్ (కార్డును పైపైన ఖాళీ చేయడం) చేసినా ముందు ఫొటోరెక్. కార్డును కంప్యూటర్ అసలు గుర్తించకపోతే ల్యాబే దిక్కు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవైతే రెండూ అక్కర్లేదు. కార్డులో చెరిగినా అక్కడ ఉంటాయి. అక్కడ కూడా చెరిపేస్తే 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి.