చేతిలో దవడ, ఫాంటమ్ హెడ్‌లో దవడ: ఒక ఇంటి సాధన కిట్‌పై సమీక్ష

దంతవైద్య కోర్సు బీడీఎస్ రెండో సంవత్సరంలో, రోగుల దగ్గరకు వెళ్లే ముందు నమూనా పళ్లపై పని నేర్చుకునే ప్రీక్లినికల్ ల్యాబ్‌లో దొరికే సమయం చాలక, వీడియో పాఠాలతో కలిపి అమ్మే ఒక సాధన కిట్‌ను కొని మూడు నెలలు ఇంట్లో వాడాను. టైపోడాంట్ అనే నమూనా దవడలు, స్క్రూతో బిగించే ప్లాస్టిక్ పళ్లు, పంటిని తొలిచే కొన్ని బర్‌లు, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం (మౌత్ మిర్రర్), లోతు కొలవడానికి మిల్లీమీటర్ గీతలున్న ప్రోబ్ అందులో ఉన్నాయి. బర్‌ను తిప్పే మైక్రోమోటార్ మనమే సమకూర్చుకోవాలి.

పాఠాలు నిజంగా బాగున్నాయి. 245 నంబరు బర్ తల పొడవు 3 మిల్లీమీటర్లు కనుక అందులో సగం మునిగేవరకు దించితే కావిటీకి, అంటే ఫిల్లింగ్ కోసం పంటిలో తొలిచే గుంతకు, కావలసిన 1.5 మిల్లీమీటర్ల లోతు వస్తుందన్న కిటుకు, డెమో బల్ల చుట్టూ అందరూ మూగినప్పుడు వెనక వరుసలో నిలబడే నాకు ల్యాబ్‌లో ఎన్నడూ కనిపించలేదు. ఇక్కడ దాన్ని విసుగు పుట్టేదాకా వెనక్కి తిప్పి చూశాను. ప్రతి దశలోనూ పాఠం ఆపి, ప్రోబ్‌తో కొలిచి, మార్కులు మనమే వేసుకోవాలి. పక్క పన్ను ఆనుకునే వైపు దాకా తొలిచే క్లాస్ టూ కావిటీ నా మొదటిదానికి పదికి ఎనిమిది వేసుకున్నాను. వారం తర్వాత అదే దవడను వెలుతురులో పెట్టి చూస్తే పక్క పంటిని బర్ గీరిన గుర్తు కనిపించింది, మార్కులు ఐదుకు దిగాయి.

దవడను చేత్తో పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పుకోగలగడమే ఈ కిట్‌లోని అసలు లోపం. కింది ఎడమ మొదటి మోలార్ (నమిలే పెద్ద పన్ను) మీద కుదిరిన పనిని నమ్ముకుని, కాలేజీలో ఫాంటమ్ హెడ్ (రోగి తల బదులు దవడలు బిగించే బొమ్మ తల) ముందు పై కుడి మోలార్‌కు కూర్చున్నాను. అద్దంలో చూస్తూ బర్‌ను వెనక్కి జరపబోతే అది ముందుకు వచ్చింది. ఇంట్లో ఆ అద్దాన్ని నేను డబ్బాలోంచి తీసిందే లేదు. మా మేడమ్ వచ్చి, పన్ను వైపు చూడకుండానే, "ఉంగరం వేలు ఎక్కడ ఆనించావు?" అని అడిగారు. వీడియోలో కెమెరా పంటి మీదే ఉంటుంది తప్ప మణికట్టు, మోచేయి, కూర్చున్న తీరు చూపించదు. మన చేతిని చూసి తప్పు చెప్పే మనిషి కిట్‌తో పాటు రాడు.

ప్లాస్టిక్ పంటిలో గట్టి పై పొర ఎనామిల్ దాటి లోపలి పొర డెంటిన్‌లోకి దిగిన తేడా చేతికి తెలియదు. అదనపు పళ్లు ఆర్డర్ చేస్తే మూడు వారాలకు వచ్చాయి, వాటిలో రెండు వదులుగా కూర్చున్నాయి.

కొనేవారు బల్ల అంచుకు బిగించే క్లాంప్ కూడా తప్పక కొనుక్కోవాలి. నా టైపోడాంట్ ఇప్పుడు మోచేతి ఎత్తులో కదలకుండా ఉంది, పై దవడ పని అంతా అద్దంలో చూస్తూనే చేస్తున్నాను.