ఊదారంగు లేబుల్ లావెండర్ ఆయిల్ కొనకండి: నూనె కలిపి, లావండిన్ రిపోర్టు చూపిస్తున్నారు

ఎవరి గురించో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఊదారంగు లేబుల్, చెక్క మూత, పైన పూల కొమ్మ బొమ్మ. "వంద శాతం ప్యూర్, థెరప్యూటిక్ గ్రేడ్" అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటే 30 ఎంఎల్ లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ (మొక్క నుంచి తీసే సుగంధ నూనె) తీసుకున్నాను. ఆ గ్రేడ్ ఇచ్చే అధికారిక సంస్థ ఎక్కడా లేదని, అది ఉత్త అమ్మకం మాటని అందరికీ చెప్పేది నేనే. కొన్నదీ నేనే. సిగ్గుగానే ఉంది.

మూడో రోజుకి డిఫ్యూజర్, అదే నీళ్లని తుంపరగా చేసి గదిలోకి సువాసన వదిలే పరికరం, మొరాయించింది. నీళ్లు 100 ఎంఎల్, ఆయిల్ 4 చుక్కలు, అంతకు మించి వేసింది లేదు. మిస్ట్ రావాల్సిన చోట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతోంది. నీళ్లు పారబోసి చూస్తే అడుగున చొక్కా గుండీ అంత సెరామిక్ డిస్క్ మీద జిడ్డు పొర, వేలు పెడితే జారుతోంది. ఆ డిస్క్ కంపిస్తేనే నీళ్లు తుంపరగా లేస్తాయి. అసలు ఎసెన్షియల్ ఆయిల్ చాలావరకు ఆ తుంపరతోపాటే గాల్లో కలిసిపోతుంది. బాదం నూనె లాంటి క్యారియర్ నూనెలు (ఎసెన్షియల్ ఆయిల్‌ని పలచన చేయడానికి వాడేవి) ఆవిరి కావు, అక్కడే పేరుకుంటాయి. డిస్క్ పోతే పోయింది, ఆ నూనె తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

అప్పుడు చేశాను కాగితం పరీక్ష. మొదటి రాత్రే చేయాల్సింది. తెల్ల కాగితం మీద దీని చుక్క ఒకటి, పక్కన నమ్మకమైన పాత లావెండర్ చుక్క ఒకటి. పొద్దున్నకి పాతది జాడ లేదు. దీనిది వెలుతురుకు పట్టి చూస్తే అద్దంలా మరక! వాసన సంగతీ అంతే. అసలు లావెండర్ మొదట పువ్వులా మొదలై, ఆకు పసరులోకి దిగి, గంటగంటకీ మారుతూ పోతుంది. ఇది వేసినప్పుడు ఎలా ఉందో పన్నెండు గంటల తర్వాతా అలాగే ఉంది, సబ్బు రేపర్‌లా.

ఇంతవరకూ అయితే ఛీ అనుకుని వదిలేసేదాన్ని. బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏది ఎంతుందో చెప్పే ల్యాబ్ కాగితం, అడిగాను చూడండి, అక్కడ మొదలైంది అసలు కథ. "ఇవాళ పంపిస్తాం", "ల్యాబ్ సెలవు", "రేపు తప్పకుండా". రిటర్న్ గడువు ఏడు రోజులు. ఎనిమిదో రోజు పొద్దున్నే ఫొటో వచ్చింది. ఎంత సమయపాలన! బ్యాచ్ నంబరు ఉండే మూలకు బొటనవేలు అడ్డం పెట్టి తీసిన ఫొటో. పాపం, మొక్క పేరు దాచడం మర్చిపోయారు: లావాండులా ఇంటర్మీడియా. సీసా మీదేమో అంగుస్టిఫోలియా, అంటే అసలు లావెండర్. ఇంటర్మీడియా అంటే లావండిన్, సంకర జాతి, నూనె ఎక్కువ దిగుబడి ఇస్తుంది, చవక. కింద కాంఫర్ (కర్పూరం ఘాటు ఇచ్చేది) 7 శాతం అని స్పష్టంగా ఉంది. మంచి అంగుస్టిఫోలియాలో కాంఫర్ మామూలుగా ఒక శాతం లోపే. నిద్ర కోసమని పడగ్గదిలో పెట్టుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

అదే అడిగితే వచ్చిన జవాబు ఇదీ: "వాసన బాగుంది కదండీ, ఇంకేం కావాలి మీకు? డిఫ్యూజర్‌కి పడకపోతే ఒంటికి డైరెక్ట్‌గా రాసుకోండి, నాచురలే కదా."

నేరుగా ఒంటికట! వయసొచ్చినవాళ్లకే 30 ఎంఎల్ క్యారియర్‌లో 6 చుక్కలు వేస్తే ఒక శాతం, 12 వేస్తే రెండు. అది కూడా సీసాలో ఏముందో తెలిసినప్పుడు వేసే లెక్క. ఏ నూనె ఎంత కలిసిందో, ఏ సింథటిక్ పోశారో తెలియనిదానికి శాతాలు ఏమని కడతాం? పైగా మూత తీసి తీసి గాలి తగిలితే లావెండర్‌కి వాసననిచ్చే లినాలూల్ ఆక్సిడైజ్ అయి చర్మానికి ఎలర్జీ తెచ్చిపెట్టొచ్చు. నాచురల్ అంటే సరిపోతుందా?

వాళ్ల జాబితా ముందే సరిగ్గా చదివి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. "స్టీమ్ డిస్టిల్డ్ మల్లె" ఉంది అందులో. మల్లె ఆవిరి వేడికి తట్టుకోదు, బజారులో దొరికే అసలైనది ఎక్కువగా సాల్వెంట్‌తో (ద్రావకంతో) తీసిన గాఢమైన సారం, అబ్సల్యూట్ అంటారు. స్ట్రాబెర్రీ ఎసెన్షియల్ ఆయిల్ కూడా ఉంది, అలాంటిది లోకంలోనే లేదు. గులాబీకీ నారింజకీ ఒకే ధర. కిలో గులాబీ నూనెకి వేల కిలోల రేకులు కావాలి, నారింజది తొక్క పిండితే వస్తుంది. ఇది చూసీ ఆర్డర్ పెట్టిన నన్ను ఏమనాలి.

కాగితం పరీక్షని మరీ నమ్ముకోకండి. నూనె కలిపితే పట్టిస్తుంది గానీ సింథటిక్ లినాలూల్ పోస్తే పట్టించలేదు. వట్టివేరు, గంధం లాంటి బరువైనవి అసలువైనా ఆలస్యంగా ఆరతాయి. నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడితే ఏదో కలిసిందేమోనని అనుమానించండి. లవంగం, దాల్చిన చెక్క మునిగితే మాత్రం కంగారు పడకండి, వాటి తత్వమే అంత.

డిస్క్ జిడ్డు పడితే ప్లగ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో మెల్లగా తుడవండి, గీకొద్దు. కొనేముందే బ్యాచ్ రిపోర్టు అడగండి, నంబరు సీసాతో సరిపోల్చండి. పార్సిల్ వచ్చిన రాత్రే కాగితం మీద చుక్క వేయండి, రిటర్న్ గడువు ఇంకా చేతిలో ఉండగానే.