డబ్బా మీద 3000, మా అపార్ట్‌మెంట్లో 40 ఫ్లాట్లు: మెష్ వైఫై సెట్టు కొన్న ఆరు నెలలకి

మాది నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, అంతస్తుకి ఎనిమిది చొప్పున 40 ఫ్లాట్లు, మేముండేది మూడో అంతస్తులో. ఫైబర్ ప్లాను 300 ఎంబీపీఎస్. నెట్ వాళ్లు ఫ్రీగా ఇచ్చిన రౌటరు హాల్లో టీవీ వెనకాల ఉంటుంది, నేను ఆఫీసు పని చేసుకునేదేమో చిట్టచివరి బెడ్రూంలో. మధ్యలో వంటగది, బాత్రూం, పూజ గది, మా అత్తగారి ఇనప బీరువా. పొద్దున పదింటికి బాగానే వచ్చేది. రాత్రి ఎనిమిదయ్యేసరికి 12, 15 దగ్గర కొట్టుకునేది. నా అమెరికా కాల్స్ అన్నీ ఆ టైముకే, సగం మాటలో నా ముఖం స్క్రీన్ మీద బిగుసుకుపోతే అవతలివాళ్లు కాసేపు చూసి వాళ్ల పని వాళ్లు చూసుకునేవాళ్లు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్". చేశాను, ఏడాదిపాటు చేశాను.

చివరికి ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయి రెండు డబ్బాల మెష్ సెట్టు (ఇంట్లో రెండు చోట్ల పెడితే రెండూ కలిసి ఒకే వైఫైలా నడిచేది) తెచ్చాను. ఏఎక్స్3000, అంటే వైఫై 6. ధర 11,200, జీఎస్టీ బిల్లు రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో ఈ అంకె వేసుకున్న సెట్లన్నీ దాదాపు అన్నదమ్ములే, నా ఫిర్యాదు కూడా ఆ అంకె మీదే. కౌంటర్లో ఆయన దీని తర్వాతి తరం, వైఫై 7 కొనమని బాగా ఒత్తిడి పెట్టాడు. పక్కన కేబుల్ చుట్టలు సర్దుతున్న కుర్రాడు మాత్రం "ఫ్లాటా, సొంతిల్లా అన్నా? ఫ్లాటైతే ముందుగాల వైర్ గుంజిపిచ్చుకో, ఏ డబ్బా అయినా మంచిగ నడుస్తది" అన్నాడు. నేను వినలేదు. గోడకి మేకు కొడితేనే ఇంట్లో గొడవ, వైరు లాగిస్తానంటే ఒప్పుకుంటారా అని నా భయం.

ముందు ఆ 3000 సంగతి. డబ్బాలో రెండు రేడియోలు ఉంటాయి, 5 గిగాహెర్ట్జ్ రేడియో స్పీడు 2402 ఎంబీపీఎస్, 2.4 గిగాహెర్ట్జ్‌ది 574, రెండూ కలిపి గుండ్రంగా 3000 చేశారు. మీ ఫోను ఒకసారికి ఒకదానికే కనెక్ట్ అవుతుంది, కాబట్టి కూడికే తప్పు. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్, అంటే గాలిలో సిగ్నల్ నడిచే దారి, దొరికితేనే, 80 అయితే సగం, 1201. పైగా మన చేతుల్లో ఉన్న ఫోన్లలో చాలావాటికి 80 దాటి చేతకాదు. ఇవేవీ డబ్బా మీద ఉండవు.

రాత్రి ఎనిమిదింటికి అసలేం జరుగుతోందో చూద్దామని వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని బెడ్రూంలో నిలబడితే 2.4 మీద 31 నెట్‌వర్కులు కనిపించాయి. అందులో ఒకరి పేరు "పాస్‌వర్డ్ అడగొద్దు ఆంటీ". ఇంతమందికీ కలిపి అక్కడున్న జాగా 83.5 మెగాహెర్ట్జ్. ఛానళ్లు 13 అని పేరుకే, ఒక్కో ఛానల్ మధ్య దూరం 5, ఒక్కోదానికి కావలసింది 20, అందుకని ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11, అంతే. 31 ఇళ్లు మూడు నల్లాల దగ్గర నిలబడ్డట్టు. ఒకరు పట్టుకుంటుంటే అదే నల్లా దగ్గర ఉన్న మిగతావాళ్లు ఆగాలి, వైఫై పద్ధతే అది, గాలి ఖాళీగా ఉందా లేదా అని విని, ఉంటేనే మాట్లాడుతుంది. ఆ వరుసలో పాత సీసీటీవీ కెమెరా లాంటిదొకటి ఉందనుకోండి, అది సన్నమూతి కూజా, నిండేదాకా వెనకున్న బిందెలన్నీ ఆగాల్సిందే. బ్లూటూత్‌ కూడా ఇదే బ్యాండు, మైక్రోవేవ్ కూడా ఇక్కడే, 2.45 దగ్గర. మా ఆవిడ పాలు వేడి పెట్టినప్పుడల్లా నా హెడ్‌సెట్ గరగరలాడేది ఎందుకో అప్పటికి గానీ నాకు వెలగలేదు.

5 గిగాహెర్ట్జ్‌లో పరిస్థితి చాలా నయం. 2018లో మన ప్రభుత్వం అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోమని వదిలేసింది. కాకపోతే ఈ తరంగాలు గోడలకి తొందరగా లొంగిపోతాయి. ఇటుక గోడ ఒకటి రెండు దాటతాయి, బాత్రూం టైల్స్, నీళ్లు, బీరువా వరసగా వస్తే అక్కడితో సరి. ఈ మధ్య కడుతున్న మైవాన్ ఫ్లాట్లలో లోపలి గోడలు కూడా కాంక్రీటే, అక్కడ ఇంకా కష్టం.

మొదటి నెల వైరు లేకుండానే నడిపాను. హాల్లో ఒక డబ్బా, పూజ గది పక్కన రెండోది. బెడ్రూంలో 90 దాకా వచ్చింది, 15తో పోలిస్తే పండగే, అందరికీ చెప్పుకున్నాను కూడా. కానీ 300 స్పీడుకి డబ్బులు కట్టి 90కి ఎందుకు సంబరపడుతున్నానని నాలుగు రోజులకి అనుమానం మొదలైంది. విషయం ఏమిటంటే రెండు బ్యాండ్ల మెష్‌లో రెండో డబ్బా నా ల్యాప్‌టాప్‌తో మాట్లాడేదీ, మొదటి డబ్బాతో మాట్లాడేదీ ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియోతో. ఒక బిందె నీళ్లు రెండుసార్లు మోసినట్టు, అక్కడే సగం పోతుంది.

రెండో తలనొప్పి 160. ఆశకొద్దీ ఆన్ చేశాను. 160 అంటే పక్కపక్కనే ఎనిమిది నల్లాలు మనకే కావాలని అడగడం, మొదటి నాలుగింటి మీద, అంటే 36 నుంచి 48 దాకా, మా బిల్డింగులో నెట్ వాళ్లిచ్చిన రౌటర్లన్నీ అప్పటికే కూర్చుని ఉన్నాయి. మిగతా నాలుగు రాడార్ల ఇలాకా. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లలో రాడార్ జాడ తగిలితే రౌటరు వెంటనే తప్పుకోవాలి, అక్కడ మొదలుపెట్టే ముందు కూడా ఒక నిమిషం చెవులు రిక్కించి వినాలి. ఒకే వారంలో రెండు కాల్స్ మధ్యలో తెగిపోయాయి, లాగ్ చూస్తే రాడార్ కనిపించిందని ఉంది. మాకు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దగ్గరే, విమానాలు తిరుగుతూనే ఉంటాయి, మా వాడు సంబరంగా నేరం వాటి మీదకి తోసేశాడు. అదేం కాదురా, ఈ డబ్బాలు పక్కింటి సిగ్నల్‌ని చూసి కూడా రాడార్ అని బెదిరిపోతాయి అంటే వాడికి నచ్చలేదు.

ఇక ఓడిపోయి ఆ కుర్రాడి మాటే విన్నాను. క్యాట్6 వైరు, తెల్ల కేసింగు, మనిషి కూలీ కలిపి 2,400. తలుపుల పైనుంచి తిప్పి రెండో డబ్బాని బెడ్రూంలోకి తెచ్చి వైరుతో కలిపాం. ఛానల్ వెడల్పు 160 నుంచి 80కి తగ్గించి, జనం లేని 149వ ఛానల్‌కి మార్చాను. ఆ సెట్టింగు యాప్‌లో ఎక్కడో మూడు మెనూల లోపల దాచారు, ఎందుకు దాచారో వాళ్లకే తెలియాలి. అదే గది, అదే రాత్రి ఎనిమిది, 270 నుంచి 290. వెడల్పు సగం చేస్తే స్పీడు మూడింతలు అయిందంటే మా తమ్ముడు ఇప్పటికీ నమ్మడు (గొప్పతనం ఎక్కువ వైరుదేననుకోండి).

వైఫై 7 కొననందుకు ఏం బాధ లేదు. దాని గొప్పంతా 320 మెగాహెర్ట్జ్ ఛానల్‌ది, అంత వెడల్పు జాగా 6 గిగాహెర్ట్జ్‌లో తప్ప ఎక్కడా దొరకదు. అమెరికా 2020లోనే అక్కడ 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి ఇచ్చేసింది. మన దగ్గర ఆ బ్యాండు తమకే కావాలని మొబైల్ కంపెనీలు పట్టుబట్టి కూర్చోవడంతో ఏళ్లు గడిచి, 2025 మేలో గానీ ముసాయిదా నిబంధనలు రాలేదు, అవి కూడా 5925 నుంచి 6425 దాకా, అంటే 500 మాత్రమే. 500లో 320 ఛానల్ ఒక్కటే పడుతుంది. 40 ఫ్లాట్లకి ఒక్కటి. 160లు మూడు పడతాయి, నాకైతే వాటి మీదే ఆశ. చవక వైఫై 7 డబ్బాల్లో అయితే 6 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు, కొనేముందు స్పెసిఫికేషన్లో ఆ ఒక్క ముక్క వెతకండి.

చిన్న చిన్న చిరాకులు ఉన్నాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడుతుంది కాబట్టి 2.4 మాత్రమే తెలిసిన మా స్మార్ట్ బల్బులు తికమకపడ్డాయి, వాటికి గెస్ట్ నెట్‌వర్క్ విడిగా తెరవాల్సి వచ్చింది. యాప్‌లో అకౌంట్ లేనిదే ఏదీ కదలదు. అడాప్టర్లు లావు, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పక్క ప్లగ్గుని కూడా మింగేస్తాయి. సెట్టుకి ఐదుకి మూడున్నర ఇస్తాను, వైరుకి ఐదుకి ఐదు. వన్ బీహెచ్‌కేలో ఉంటే ఇది దండగ, రౌటర్ని టీవీ వెనకనుంచి తీసి ఎత్తులో పెట్టి చూడండి ముందు.

పోయిన ఆదివారం మా కింద 202 వాళ్లు కూడా, నేను చెప్పగా విని, ఇదే సెట్టు కొన్నారు. ఛానల్ ఎంపిక ఆటోమేటిక్‌గా దానికే వదిలేస్తే అది వెతికి వెతికి నా 149 మీదే వచ్చి కూర్చుంది. సాయంత్రం టీ తాగుతూ వాళ్ల ఫోన్లోంచే 100వ ఛానల్‌కి మార్పించి వచ్చాను, అక్కడ మొత్తం ఖాళీ అండీ అని చెప్పి. రాడార్ సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.