ఫిఫ్త్ వీలా, ట్రావెల్ ట్రైలరా? ఊగకుండా సాగేది ఏది?

అమెరికాలో పికప్ ట్రక్కున్న మనవాళ్లు ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, కొందామనుకోగానే ఎవరో ఒకరు చెప్పే మాట: "ఫిఫ్త్ వీల్ తీసుకో, అది ఊగదు." నిజమే, కానీ సగమే.

రెండూ ట్రక్కు లాగే ఇళ్లే, తేడా తగిలించే చోటులో ఉంది. ట్రావెల్ ట్రైలర్‌ని తగిలించే గుండు, అంటే బాల్, ట్రక్కు వెనక ఇరుసుకి నాలుగైదు అడుగులు అవతల, బంపర్ దగ్గర ఉంటుంది. ట్రైలర్ కాస్త పక్కకి జరిగినా ఆ దూరమే మీటలా పనిచేసి ట్రక్కు వెనక భాగాన్ని తిప్పేస్తుంది. ఫిఫ్త్ వీల్‌ని తగిలించే పిన్ ట్రక్కు తొట్టిలో, దాదాపు ఇరుసు మీదే కూర్చుంటుంది. ఇక తిప్పడానికి పట్టెక్కడ? టెక్సస్‌లో ఐ-40 హైవే మీద అమరిల్లో వైపు పక్కగాలి కొట్టినప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. ఎత్తు 12, 13 అడుగులు కాబట్టి ఫిఫ్త్ వీల్‌నీ గాలి నెడుతుంది, కానీ అది తోక ఊపడం చాలా అరుదు.

ట్రావెల్ ట్రైలర్ ఊగిందంటే చాలాసార్లు తప్పు సామాను సర్దడంలోనే ఉంటుంది. ఎడ్లబండి తోలినవాళ్లకి చెప్పక్కర్లేదు, బస్తాలు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. ఇక్కడా అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. వెనక సైకిళ్లు వేలాడదీసి అది తగ్గించుకుంటే హైవే వేగంలో టెన్షన్ తప్పదు. ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలి, డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. బరువుని ముందు ఇరుసుకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (హిచ్ అంటే ట్రైలర్‌ని తగిలించే అమరిక), ఊపుని తగ్గించే స్వే బార్ బాగా సాయపడతాయి, కానీ తప్పుగా సర్దిన బరువుకి అవి మందు కాదు.

ఫిఫ్త్ వీల్‌తో అసలు గొడవ ట్రక్కు మోయాల్సిన బరువు. పిన్ మీద సుమారు 20 శాతం పడుతుంది. ట్రైలర్ 12,000 పౌండ్లయితే 2,400 పౌండ్లన్నమాట. మామూలు హాఫ్ టన్ ట్రక్కు (అది తరగతి పేరే, మోసే బరువు కాదు) డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద చాలావరకు మోసే బరువు 1,500 నుంచి 2,000 పౌండ్ల లోపే అని ఉంటుంది. అందులోనే నలుగురు మనుషులు, హిచ్, ఐస్ పెట్టె! సేల్స్‌మన్ గొప్పగా చెప్పేది లాగే శక్తి, మోసే శక్తి వేరు. పరిమితి దాటితే ట్రక్కు వెనక కుంగిపోతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుకి తగిలిస్తే ట్రైలర్ ముక్కు పైకి లేచి, దాని వెనక ఇరుసు టైర్లు ఎక్కువ బరువు మోసి వేడెక్కుతాయి. కాంక్రీటు అతుకుల మీద ముందుకీ వెనక్కీ కుదిపే 'చకింగ్' ఒకటుంది, నడుము పట్టేస్తుంది. పొట్టి తొట్టి ట్రక్కయితే మలుపులో ట్రైలర్ మూల క్యాబిన్ అద్దానికి తగలొచ్చు, మలుపులో వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ కావాలి. మలుపులో ఫిఫ్త్ వీల్ లోపలికి ఎక్కువ కోస్తుంది, గ్యాస్ బంకు స్తంభాలు చూసుకోండి.

నా ఓటు? అంతకంటే పెద్ద తరగతి త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ ట్రక్కు ఉంటే, స్టిక్కర్ అంకె చూసుకుని ఫిఫ్త్ వీల్. హాఫ్ టన్ అయితే 6,000, 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్, మంచి హిచ్. మా బావగారు ట్రైలర్ కొన్నాక ట్రక్ స్టాప్‌లో తూకం వేయించారు. ఆ చీటీ చూశాకే ట్రక్కు కూడా మార్చాల్సి వచ్చింది.